పంట బీమాకు వాన లెక్క: రాడార్‌ను నమ్మాలా, వర్షమాపకాన్నా?

శింగనమల రైతు:
మా మండలంలో వర్షమాపకం ఒక ఊళ్లో ఉంది, మా చెనక్కాయ చేను ఇంకో మూల. అక్కడ కురిసి ఇక్కడ చినుకు రాలని రోజులు చాలా ఉంటాయి. అయినా ఆ ఊరి లెక్క చూపించి మాకు బీమా రాదంటారు. రాడార్‌కు ఊరూరి వానా కనబడుతుంది కదా, దాన్నే ఎందుకు తీసుకోరు? తీసుకోవాలనే నేనంటాను.

కడప ఫిజిక్స్:
అన్నా, మీ బాధ నిజం. కానీ రాడార్ వానను నేరుగా కొలవదు. చినుకులకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ బలాన్ని కొలుస్తుంది. ఆ బలం చినుకు వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది, నీళ్లేమో మూడో ఘాతంలోనే. 4 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి ఇచ్చే సిగ్నల్, 1 మిల్లీమీటరు చినుకులు 4,096 కలిసి ఇచ్చేదానికి సమానం. ఆ పెద్ద చినుకులో ఉన్న నీళ్లు మాత్రం 64 చిన్న చినుకులంతే. తెర మీద రెండూ ఒకే రంగు!

సిగ్నల్‌ను వానగా మార్చడానికి చాలామంది వాడే సూత్రం 1948లో మార్షల్, పామర్ అనే శాస్త్రవేత్తలు కెనడా వానలను చూసి ఇచ్చినది. మన చినుకులు వేరు. తిరుపతి దగ్గర గాదంకిలో చేసిన కొలతల ప్రకారం, వాన జోరు ఒకటే అయినా నైరుతిలో చినుకులు ఈశాన్య రుతుపవనాల కంటే పెద్దవి. రెండు కాలాలకూ ఒకే సూత్రం పెడితే ఖరీఫ్‌లో రాడార్ ఉన్నదానికన్నా ఎక్కువ వాన చూపే ప్రమాదం ఉంది. అప్పుడు పరిహారం పోయేది మీకే.

కర్నూలు వాన:
సార్, మీరు చెప్పింది పాత రాడార్లకు వర్తిస్తుంది. ఇప్పటి డ్యూయల్ పోలరైజేషన్ రాడార్లు అడ్డంగా, నిలువుగా రెండు రకాల తరంగాలు పంపుతాయి. పెద్ద చినుకు గాలి ఒత్తిడికి ఇడ్లీలా చదునవుతుంది కాబట్టి అడ్డ సిగ్నల్ ఎక్కువ వస్తుంది. ఆ తేడాను బట్టి చినుకుల సైజు, సైజు తెలిశాక వాటి సంఖ్య అంచనా వేయొచ్చు. వడగళ్లు కలిసినా చాలావరకు పట్టేస్తాయి. ఇంత సాంకేతికత ఉండగా రైతును ఒక్క డబ్బా లెక్కకు కట్టేయడం అన్యాయం.

కడప ఫిజిక్స్:
రాడార్ దగ్గర్లో ఉంటే ఒప్పుకుంటాను. రాడార్ ఉన్న శ్రీహరికోట నుంచి మీ అనంతపురం సుమారు 300 కిలోమీటర్లు. అర డిగ్రీ మాత్రమే పైకెత్తి పంపిన కిరణం కూడా, భూమి వంపు వల్ల, అక్కడికి చేరేసరికి దాదాపు 8 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తున ఎక్కువగా మంచు కణాలే. వాటిని చూసి కింద చినుకు ఎంతుందో ఎలా చెప్తాం? పైగా మన పొడి గాలిలో చిన్న చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. మేఘంలో వాన, చేనులో దుమ్ము!

చినుకుల లెక్క నేల మీదే తీయాలి. డిస్‌డ్రోమీటర్ అని ఉంది, లేజర్ కాంతి గుండా పడే ఒక్కో చినుకు సైజు, వేగం రాసుకుంటుంది. ఇక్కడ యోగి వేమన విశ్వవిద్యాలయంలో అలాంటి కొలతలు చేశారు. ఆ లెక్కలతో కాలానికో సూత్రం తయారు చేసుకోవాలి.

శింగనమల రైతు:
సరే సార్. అయితే ఎంత పడిందో వర్షమాపకం చెప్పనీ, ఎక్కడ పడిందో రాడార్ చెప్పనీ. రెండూ కలిపి లెక్క కట్టమనే అడుగుతాం, మా దగ్గర్లో ఒక రాడార్ కూడా పెట్టమంటాం. అంతవరకు ఊరికో వర్షమాపకం పెట్టడానికి అడ్డేముంది?

కర్నూలు వాన:
ఊరికొకటి పెడితే రాడార్ తప్పు ఎక్కడుందో కూడా దాంతోనే దొరుకుతుంది. నేను దీనికి ఓటేస్తాను.