ముక్కు టీకాలో లిపిడ్లు: కోళ్లకు అక్కరకొస్తాయా?

లేయర్ ఫారం:
కొక్కెర తెగులుకి (రాణిఖెట్) లసోటా అనే టీకా చుక్కలు కంట్లోనో ముక్కులోనో వేస్తాం. పనిచేస్తుంది. కాకపోతే అది లైవ్ టీకా, అంటే బతికున్న బలహీన వైరస్, కాబట్టి కోడిపిల్లలు కొన్నిరోజులు తుమ్ముతాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఎక్కువుంటే టీకా వైరస్‌నే అడ్డుకుంటాయి. తర్వాత చంపిన వైరస్‌తో నూనె టీకా సూది. రక్తంలో టైటర్, అంటే యాంటీబాడీల మోతాదు, బాగానే లేస్తుంది, ముక్కులో వైరస్ పెరగడం మాత్రం పూర్తిగా ఆగదు. కోడి చావదు, పక్కదానికి అంటిస్తుంది. నా బాధంతా ఇదే. చంపిన వైరస్‌ని లైపోజోముల్లో, అంటే సన్నటి కొవ్వు (లిపిడ్) బుడగల్లో పెట్టి ముక్కులోంచే ఇస్తే ఐజీఏ, అంటే ముక్కులాంటి తడి పొరల్ని కాపాడే యాంటీబాడీ, అక్కడే పుడుతుంది కదా?

హేచరీ పని:
ప్రయోగశాలలో పుడుతుందేమో, షెడ్డులో ఎలా ఇస్తారు? లైవ్ వైరస్ తనంతట తానే పెరుగుతుంది. చచ్చింది పెరగదు, అందుకే డోసు పెంచాలి, బూస్టర్ వెయ్యాలి. వేల పిల్లల్ని ఒక్కొక్కటిగా రెండోసారి పట్టుకోవాలా? స్ప్రే అంటారా, నాజిల్ ఒత్తిడికి ఆ బుడగలు పగలొచ్చు. తుంపర మరీ సన్నమైతే ముక్కు దాటి లోపలి గాలితిత్తుల దాకా పోతుంది.

పశువైద్యం:
చుక్క వెయ్యడం కష్టమన్నది ఒప్పుకుంటాను. కానీ దారి మంచిది. కోడికి మనలా లింఫ్ గ్రంథులు ఉండవు. కంటి వెనక హార్డేరియన్ గ్రంథి ఉంటుంది, కన్నీళ్లలో ఐజీఏ ఎక్కువగా అక్కడినుంచే. ధనావేశం ఉన్న లిపిడ్ బుడగ రుణావేశం ఉన్న చీమిడికి అతుక్కుని త్వరగా కొట్టుకుపోదు. మరీ గట్టిగా అతుక్కుంటే కణాల దాకా చేరదు, అదీ నిజమే. ఎలుకల్లో పనిచేసిన మందుని యథాతథంగా తేవడం మాత్రం తప్పు. టీకా బలం పెంచడానికి కలిపే సీపీజీ అనే డీఎన్ఏ ముక్కని ఎలుకలో టీఎల్ఆర్9 అనే గ్రాహకం గుర్తిస్తే, కోడిలో ఆ గ్రాహకమే లేదు, టీఎల్ఆర్21 ఆ పని చేస్తుంది.

హేచరీ పని:
భద్రత సంగతి? 2000-01లో స్విట్జర్లాండ్‌లో మనుషులకిచ్చిన లిపిడ్ బుడగల ముక్కు ఫ్లూ టీకాతో కొందరికి ముఖ పక్షవాతం వచ్చింది, దాన్ని ఆపేశారు.

పశువైద్యం:
అందులో వాడిన ఈ.కోలై బాక్టీరియా టాక్సిన్ (విషపదార్థం) మీదే ప్రధానంగా అనుమానం. దాన్ని లిపిడ్లన్నిటికీ అంటగట్టకండి. అయినా కోడిపిల్లల్లో విడిగా పరీక్షించాల్సిందే.

లేయర్ ఫారం:
కొక్కెరకి లసోటా ఉంది, సరే. హెచ్5 బర్డ్ ఫ్లూకి ఆ వైరస్‌నే లైవ్‌గా వదలలేం, అది మారి ప్రాణాంతకం కావచ్చు. నేను ముక్కు టీకా కావాలంటున్నది ముందు దానికే. పరీక్షలో రక్తం టైటర్ ఒక్కటే చూపిస్తే నాకు చాలదు. అసలు వైరస్ ఎక్కించాక గొంతు స్వాబ్‌లో ఎంత వస్తోంది, ఎన్నిరోజులు వస్తోంది, అది చెప్పండి.