పోయినవాళ్ళని ఎలా గుర్తుచేసుకుంటున్నారు? ఉన్నవాళ్ళకి ఏం చెబుతున్నారు?

వేకువచుక్క:
అందరికీ నమస్కారం. మా నాన్న పోయి ఏడాది దాటింది. మొదట్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆయన గురించే మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు నేను ఆయన ఊసెత్తితే చాలు, మాట మార్చేస్తున్నారు. అమ్మయితే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది. నన్ను ఏడిపించకూడదనే అలా చేస్తున్నారు, నాకు తెలుసు. కానీ నాకు ఆయన గురించి మాట్లాడాలని ఉంది. ఎలా పోయారన్నది కాదు. తాళం వేశాక మళ్ళీ మళ్ళీ లాగి చూసుకోవడం, చదువుతూ చదువుతూ కళ్ళజోడు నుదుటి మీదకి తోసేసి ఆ తర్వాత దానికోసం ఇల్లంతా వెతకడం, ఇలాంటివి.

మీరంతా మీ వాళ్ళని ఎలా గుర్తుచేసుకుంటున్నారు? ఇంకోటి కూడా అడగాలి. నాన్న పోయాక, అమ్మా అన్నయ్యా అంటే నాకెంత ఇష్టమో వాళ్ళకి ఇప్పుడే చెప్పేయాలనిపిస్తోంది. తీరా ఎదురుగా కూర్చుంటే నోరు పెగలదు. మీరెలా చెబుతున్నారు?

పుస్తకాలపురుగు:
వేకువచుక్క గారూ, ఆ కళ్ళజోడు సంగతి చదవగానే మీ నాన్నగారు కళ్ళముందు కనబడ్డారు. ఇంకా రాయండి, మేం వింటాం.

మా తాతగారు ఏ పుస్తకం చదివినా అంచుల్లో పెన్సిలుతో రాస్తూ రచయితతో వాదన పెట్టుకునేవారు. ఆ పుస్తకాలన్నీ నా దగ్గరికే వచ్చాయి. ఒక చరిత్ర పుస్తకంలో ఒక పేరా పక్కన 'ఎవరు చెప్పారండీ మీకు?' అని ఉంది. కొన్ని పేజీలు తిప్పితే అదే చేతిరాత, కాస్త చిన్న అక్షరాలతో, 'సరే, ఒప్పుకున్నాను.' ఆయన మనసు మార్చుకున్న క్షణం ఆ కాగితం మీద అలాగే ఉండిపోయింది. నేను వాటి కింద పెన్నుతో జవాబులు రాస్తుంటాను. ఈమధ్య మా అమ్మాయి నా కింద తన మాట కూడా చేర్చింది. అది పుట్టేనాటికే తాతగారు లేరు. అయినా ఆయనతో వాదిస్తోంది.

ఏటిగట్టు:
నాది వేరే దారి. మా తమ్ముడు ప్రమాదంలో పోయాడు. వాడి ఫోటోలు నేను చూడలేను. గోడ మీదవన్నీ తీసి పెట్టెలో పెట్టేశాను. 'అప్పుడే మర్చిపోయావా' అని మా పెద్దమ్మ అంది. మర్చిపోయినవాణ్ణయితే అంత జాగ్రత్తగా గుడ్డ చుట్టి ఎందుకు దాస్తాను? పనిలో పడితే కాస్త ఊపిరాడుతుంది. గుర్తుచేసుకుంటూ కూర్చోవాలని ఎవరినీ బలవంతపెట్టకండి, అదొక్కటే నా మనవి.

మనసుమాట:
ఏటిగట్టు గారూ, మీరు చేస్తున్నదాంట్లో తప్పేమీ లేదు. ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్ళకి కౌన్సెలింగ్ చేయడమే నా పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

దుఃఖంలో అయిదు దశలుంటాయని అందరూ వినే ఉంటారు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టరు 1969లో ఆ మాట చెప్పింది తమ చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో మాట్లాడి. వెనక మిగిలిపోయినవాళ్ళని చూసి కాదు. దాన్ని తర్వాత అందరికీ అంటగట్టేశారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి 'నాకింకా కోపం దశ రాలేదేంటి' అని అదో టెన్షన్. అలాంటి వరసంటూ ఏమీ లేదు.

1999లో మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ అని ఇద్దరు పరిశోధకులు ఇంకోలా చెప్పారు. మనిషి కాసేపు దుఃఖంలోకి వెళ్తాడు, కాసేపు రోజువారీ పనుల్లోకి వస్తాడు, ఇలా అటూ ఇటూ తిరుగుతూనే కుదుటపడతాడు అని. ఫోటోలు దాచి పనిలో పడటం ఆ రెండోవైపు. ఎప్పుడో ఒకరోజు పెట్టె తెరవాలనిపిస్తే అది మొదటివైపు. రెండూ కావాలి. ఎప్పుడు ఏది అన్నది మీ ఇష్టం, మీ పెద్దమ్మగారిది కాదు.

వేకువచుక్క గారికి: పోయినవాళ్ళతో బంధం తెంచుకుంటేనే తేరుకుంటామని ఒకప్పుడు అనేవాళ్ళు. ఆ ఆలోచనకి మూలం మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1917లో రాసిన వ్యాసం. కానీ ఆయన కూతురు సోఫీ 1920లో జబ్బుచేసి పోయింది. 1929లో, ఆమె పుట్టినరోజు నాడు, కొడుకుని పోగొట్టుకున్న ఒక స్నేహితుడికి ఆయన ఉత్తరం రాశారు. ఆ ఖాళీ ఎప్పటికీ పూర్తిగా నిండదు, నిండకపోవడమే సరైనది, ఆ ప్రేమని నిలబెట్టుకునే దారి అదొక్కటే అన్నది అందులో సారాంశం. సిద్ధాంతం రాసిన మనిషే తండ్రిగా ఇంకోమాట చెప్పారు. నేను తండ్రి మాటనే నమ్ముతాను. 1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే పరిశోధకులు కూడా పోయినవాళ్ళతో బంధం కొనసాగడం మామూలేనని, అది జబ్బు కాదని చెప్పారు.

ఒక్క జాగ్రత్త. నెలలు గడిచినా రోజంతా అదే తలపు, ఏ పనీ చేయలేకపోవడం, బతకాలని లేదనిపించడం ఉంటే డాక్టరుని కలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దీర్ఘకాలిక శోకం అన్నది ఇప్పుడు ఉంది. కనీసం 6 నెలలు దాటి, మనిషిని కదలనివ్వనంత తీవ్రంగా ఉంటేనే దాన్ని అలా లెక్కిస్తారు. బతకాలని లేదనే ఆలోచన వస్తే మాత్రం నెలలు లెక్కపెట్టకండి, వెంటనే ఎవరికైనా చెప్పండి.

కొండమల్లె:
మా పాప పుట్టి కొన్ని గంటలే ఉంది. పేరు పెట్టాం. ఆ పేరు మా ఇద్దరి నోటి నుంచి తప్ప ఎక్కడా వినపడదు. 'ఇంకో బిడ్డ పుడుతుందిలే' అన్నవాళ్ళు ఎంతోమంది. వాళ్ళమీద కోపం లేదు. కానీ ఆ మాట వింటే మా పాప అసలు పుట్టనట్టు అనిపిస్తుంది.

ఒక స్నేహితురాలు మాత్రం ప్రతి ఏడూ ఆ తేదీన మెసేజ్ పెడుతుంది. పాప పేరు, పక్కన 'ఇవాళ తలుచుకున్నాను.' అంతే. జవాబు ఆశించదు. మా ఆయన ఆ మెసేజ్‌లన్నీ విడిగా దాచుకున్నాడు. మీ చుట్టుపక్కల ఇలాంటి అమ్మానాన్నలుంటే బిడ్డ పేరు పలకండి. మేం ఏడుస్తామేమో, ఏడవనివ్వండి. మీరు గుర్తుచేస్తేనే గుర్తొచ్చే విషయం కాదు అది.

పుస్తకాలపురుగు:
కొండమల్లె గారూ, మీకు అభ్యంతరం లేకపోతే పాప పేరు ఇక్కడ రాయండి.

కొండమల్లె:
అడిగినందుకు చాలా థాంక్సండీ. పేరు మా దగ్గరే ఉంచుకుంటాను. కానీ మీరు అడిగారని ఇవాళ మా ఆయనకి చెబుతాను.

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళ దగ్గర చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నాకు తెలిసింది రెండు ముక్కలు రాస్తాను.

స్పృహ లేదని ఇంట్లోవాళ్ళు మంచం పక్కన నిలబడి ఆ మనిషి గురించి ఎవరి గురించో అన్నట్టు మాట్లాడుకుంటారు. దయచేసి అలా చేయకండి. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు, చివరి గంటల్లో స్పందన లేకుండా ఉన్న కొందరు రోగుల మెదడు తరంగాలు చూశారు. వాళ్ళలో కొందరి మెదడు శబ్దాలకి ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. అర్థమవుతోందా లేదా అన్నది ఆ పరీక్ష చెప్పదు. వినబడుతూ ఉండొచ్చన్న అవకాశం నాకు చాలు. నేను రోగిని తిప్పి పడుకోబెట్టేటప్పుడు కూడా పేరు పెట్టి పిలిచి, 'కుడివైపుకి తిప్పుతున్నానండీ' అని చెప్పే తిప్పుతాను.

ఏం మాట్లాడాలో తెలియక బిగుసుకుపోయేవాళ్ళకి, ఐరా బయాక్ అనే డాక్టరు చెప్పిన నాలుగు మాటలు చెబుతుంటాను. నన్ను క్షమించు. నిన్ను క్షమించాను. థాంక్స్. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఒకాయన ఈ నాలుగూ తండ్రికి చెప్పలేక, చెయ్యి పట్టుకుని, తన చిన్నప్పుడు ఆయన సైకిల్ నేర్పిన రోజంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తడం, ఎప్పుడు వదిలేశాడో తనకి తెలియకపోవడం, అన్నీ. నాలుగు మాటలూ అందులోనే వచ్చేశాయి. మీ నోరు పెగలకపోతే ఇలా మొదలుపెట్టండి వేకువచుక్క గారూ. 'నీకు గుర్తుందా, ఆ రోజు నువ్వు...' అంటే చాలు, మిగతాది అదే వస్తుంది.

వానచినుకు:
మా అమ్మ బతికే ఉంది, కానీ మతిమరుపు జబ్బు. నన్ను వాళ్ళ అక్క అనుకుంటుంది. మనిషి కళ్ళెదుటే ఉంటుంది, మా అమ్మ ఉండదు. దుఃఖం ఉంది, కానీ అది ఎవరికి చెప్పుకోవాలి? పరామర్శకి ఎవరూ రారు కదా. పాలీన్ బాస్ అనే ఆవిడ ఇలాంటి తేలని నష్టం గురించి జీవితమంతా పనిచేశారని తెలిశాక, నాకేదో అయిపోతోందన్న భయం తగ్గింది.

ఇప్పుడు నేను అక్కనే అయిపోతున్నాను. 'అక్కా, మా అమ్మాయి చాలా మంచిదే' అని నాతోనే నా గురించి చెబుతుంది. నా ముఖం మీద ఎప్పుడూ అనని మాట అది. ఇష్టం ఉన్నా మా అమ్మ పైకి చెప్పే మనిషి కాదు. ఇలాగైనా విన్నాను.

వేకువచుక్క:
వానచినుకు గారూ, మీ మాట చదివి కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు.

నాలుగోతరగతిటీచరు:
పిల్లల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. 'నిద్రపోయారు', 'దూరం వెళ్ళారు' అని చెప్పకండి. నిద్రపోయారంటే చిన్నపిల్లలు తామూ నిద్రపోవడానికి భయపడతారు, దూరం వెళ్ళారంటే ఎదురుచూస్తారు. చనిపోయారు, శరీరం పనిచేయడం ఆగిపోయింది, మళ్ళీ రారు అని మెల్లగా, తిన్నగా చెప్పాలి. ఇందులో నీ తప్పేం లేదని కూడా చెప్పాలి. తాను అల్లరి చేసినందుకే పోయారని లోపల అనుకునే పిల్లలు ఉంటారు. పది నిమిషాలు ఏడ్చి వెంటనే ఆడుకోవడానికి పరిగెడితే బాధ లేదనుకోవద్దు. వాళ్ళ దుఃఖం అలాగే విడతలు విడతలుగా వస్తుంది.

టెక్‌తమ్ముడు:
అందరూ మనసు గురించి రాశారు, నేను ఫోన్ల గురించి రాస్తాను. ఇది ఆలస్యం చేస్తే తిరిగిరాదు.

ముందు గొంతు. ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి, గొంతు ఉండదు. మా అక్క పెట్టిన ఆఖరి వాయిస్ మెసేజ్ 'ఎక్కడున్నావురా, తలుపు గడియ పెట్టేస్తున్నా' అని. అందులో ఏమీ లేదు, అన్నీ ఉన్నాయి. వెనక ఫ్యాను శబ్దం కూడా. 120 రోజులు వాడకుండా ఉంటే వాట్సాప్ ఖాతా మామూలుగా డిలీట్ అయిపోతుంది. మీ ఫోన్‌లో ఉన్న చాట్ పోదు, కానీ ఆ ఫోన్ పోతే? అందుకని ఆ మెసేజ్‌లని విడి ఫైళ్ళుగా తీసి కనీసం రెండు వేరువేరు చోట్ల పెట్టండి. నంబరు కూడా కొన్నాళ్ళకి కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది, ఓటీపీలు దానికే వస్తుంటే ముందు అవి మార్చుకోవాలి.

గూగుల్ ఖాతా రెండేళ్ళు వాడకపోతే కంపెనీ దాన్ని తీసేయొచ్చు, ఫోటోలతో సహా. బతికున్నప్పుడే ఖాతా సెట్టింగుల్లో, ఇన్ని నెలలు నేను కనబడకపోతే నా డేటా ఫలానావాళ్ళకి ఇవ్వండి అని పెట్టుకోవచ్చు. 3 నెలల నుంచి 18 నెలల దాకా ఎంచుకోవచ్చు. ఐఫోన్‌లో, ఫేస్‌బుక్‌లో కూడా లెగసీ కాంటాక్ట్ అని ఉంటుంది, అంటే మన తర్వాత ఆ ఖాతా చూసుకునే మనిషిని ముందే ఎంచుకోవడం. మా అమ్మానాన్నలకి పక్కన కూర్చుని ఇవన్నీ పెట్టించాను. చావు గురించి మాట్లాడటం అశుభం అంటారేమో అనుకున్నాను. నాన్న మాత్రం 'నా ఫోటోలు నువ్వు చూస్తావా నిజంగా?' అని అడిగారు. ఆ సాయంత్రమంతా పాత ఫోటోలు చూస్తూ, వాటిలో ఉన్నవాళ్ళెవరో చెప్పారు. నేను రికార్డ్ చేసుకున్నాను, ఆయనకి చెప్పే.

మనసుమాట:
తమ్ముడూ, చాలా మంచి పని చేశావు. హార్వీ చోచినోవ్ అనే కెనడా డాక్టరు తన రోగులతో ఇలాంటిదే చేయించారు. మీ జీవితంలో ఏ రోజుల్లో అన్నిటికన్నా ఉత్సాహంగా ఉన్నారు, మీవాళ్ళు ఏం గుర్తుంచుకోవాలి అని అడిగి, చెప్పింది రాయించి, చదివి వినిపించి, దిద్ది, చివరికి ఆ కాగితాలు వాళ్ళ చేతికే ఇస్తారు. జబ్బు చేసేదాకా ఆగాల్సిన పని లేదు, ఎవరైనా తమ ఇంట్లో చేయొచ్చు.

నోరు పెగలనివాళ్ళు ఉత్తరం రాయండి. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు కొందరితో కృతజ్ఞత ఉత్తరాలు రాయించి చూశారు. అందుకున్నవాళ్ళు ఇబ్బంది పడతారేమోనని రాసినవాళ్ళు ఎక్కువ అనుకున్నారు, సంతోషిస్తారని తక్కువ అనుకున్నారు. జరిగింది తలకిందులు. ఒక్కటే చూసుకోండి, 'నువ్వు చాలా మంచివాడివి' అని రాయకండి. ఫలానా రోజు ఫలానా పని చేశావు, దానివల్ల నాకు ఇలా అయింది, అని రాయండి.

ఏటిగట్టు:
పెట్టె ఇంకా తెరవలేదు. కానీ ఇదంతా చదివాక మా పెద్ద చెల్లికి ఫోన్ చేసి, తమ్ముడు పోయిన రాత్రి ఆసుపత్రిలో నా పక్కన మాట్లాడకుండా కూర్చున్నందుకు థాంక్స్ చెప్పాను. చాలాసేపు మాట్లాడుకున్నాం, వాడి గురించి కూడా.

వేకువచుక్క:
నిన్న రాత్రి అమ్మని తిన్నగానే అడిగాను, నాన్న గురించి మాట్లాడితే నీకు కష్టంగా ఉందా అని. 'నువ్వు ఏడుస్తావని నేను లేచి వెళ్ళిపోతున్నా' అంది. ఇద్దరం ఒకరికోసం ఒకరం నోరు కట్టేసుకున్నాం అన్నమాట. తర్వాత అమ్మే మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు ఆయన రాసిన ఉత్తరంలో అడ్రసు తప్పు రాసి, దానికి క్షమాపణ ఉత్తరం మళ్ళీ అదే తప్పు అడ్రసుకి పంపారట. నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మకి ఆయన గొంతు కావాలిట. నా ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి, పంపితే అమ్మ ఫోన్‌లో తెరుచుకోవడం లేదు. టెక్‌తమ్ముడు గారూ, ఏం చేయాలి?

టెక్‌తమ్ముడు:
అవి ఓపస్ అనే రకం ఆడియో ఫైళ్ళు అక్కా, కొన్ని పాత ఫోన్లలో పాడవు. కంప్యూటర్లో ఎంపీ3గా మార్చి పంపండి, తెరుచుకుంటాయి. వీఎల్‌సీ ప్లేయర్‌తో మార్చుకోవచ్చు, ఉచితమే. అసలు ఫైళ్ళు మాత్రం డిలీట్ చేయొద్దు. పేర్లలో తేదీ ఉంటుంది, అవి మార్చకుండా అలాగే ఉంచండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, చూస్తూనే ఉంటాను.