తోక చివర నల్లగా ఉన్న ముంగిస: ఇది ఏ రకం?

ప్రశ్న

మాది మార్కాపురం వైపు ఒక పల్లె. నల్లమల కొండల అంచుకు దగ్గరగా మాకు బత్తాయి తోట ఉంది. పది రోజులుగా ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఒక ముంగిస కంచె కింద నుంచి దూరి వచ్చి, చెట్ల పాదుల్లో ఎండుటాకులను తవ్వుకుంటూ తిరుగుతోంది. ఊళ్లో మేము చిన్నప్పటి నుంచి చూసే ముంగిసలు బూడిద రంగులో ఉంటాయి; దీని ఒంటిపై ఎర్రటి ఛాయ ఎక్కువగా ఉంది, తోక చివర సిరాలో ముంచినట్లు నల్లగా ఉంది, నడిచేటప్పుడు ఆ కొసను పైకి వంచి పెడుతోంది. మా బావగారు దీన్ని ‘చిన్న ముంగిస’ అనే వేరే జాతి అంటున్నారు. ఆ మాట నిజమేనా? పైగా గత వారం రెండు రాత్రులలో రెండు కోడిపిల్లలు పోయాయి. ముంగిస ఉన్నచోట పాములు ఉండవు కనుక దాన్ని తరమవద్దని పెద్దలు చెబుతున్నారు. ఏమి చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం

మీరు తోకను గమనించడం మంచిదైంది, ఎందుకంటే మన ప్రాంతంలో ముంగిసలను వేరు చేయడానికి ఒంటి రంగు కంటే తోక కొసే నమ్మదగిన గుర్తు. ఊళ్లలో కనిపించే బూడిద ముంగిస ఒక్కో వెంట్రుక మీద లేత, ముదురు రంగుల పట్టీలు ఒకదాని తరువాత ఒకటి ఉండటం వల్ల దాని ఒళ్లు ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్లు కనిపిస్తుంది. ఎర్ర నేలల్లో దుమ్ము పట్టినప్పుడు అదే ముంగిస ఎర్రగానూ కనిపించి మనల్ని మోసం చేస్తుంది. దాని తోక దాదాపు ఒంటి పొడవుకు సమానంగా ఉంటుంది, కొస మాత్రం నల్లగా ఉండదు. కొస నల్లగా ఉండి, దాన్ని పైకి వంచి నడిచేది ఎర్ర ముంగిస. ఇది భారతదేశంలోనూ శ్రీలంకలోనూ ఉంటుంది. ఊరి నడుమ కంటే పొద అడవులను, రాళ్ల గుట్టలను, కొండవాలులను ఇష్టపడుతుంది. నల్లమల అంచున అది కనిపించడంలో వింత లేదు. బ్రిటిష్ కాలపు జంతుశాస్త్ర గ్రంథాలలో దీనికి తెలుగు పేరుగా ‘కొండ ఎంటవ’ అని నమోదై ఉంది. ఆ పేరు ఇప్పటికీ ఎవరి నోటనైనా వినబడుతుంటే ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.

మీ బావగారు చెప్పిన చిన్న ముంగిస కూడా నిజంగా ఉన్న జంతువే, కాని అది ఎక్కువగా ఉత్తర భారతంలో ఉంటుంది, తోక కొస నల్లగా ఉండదు, పరిమాణంలో బూడిద ముంగిస కంటే బాగా చిన్నది. 1872లో కలకత్తా నుంచి తొమ్మిదింటిని జమైకా చెరకు తోటలకు తీసుకువెళ్లి ఎలుకల మీద వదిలింది ఈ జాతినే. ఎలుకలు తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. తరువాత ఆ ద్వీపంలో నేల మీద గూడు పెట్టే పక్షులకు, బల్లులకు మూడింది.

మరొక సమాధానం

కోడిపిల్లల సంగతి చెబుతాను. ముంగిస పగటి జీవి. పొద్దున, సాయంత్రం వేటాడి, చీకటి పడితే బొరియలోనో రాళ్ల సందులోనో పడుకుంటుంది. మీ పిల్లలు పోయింది రాత్రిపూట అయితే ముందుగా అనుమానించవలసింది జంగుపిల్లిని (అడవి పిల్లిని), ఆ తరువాత పునుగుపిల్లిని. అలాగని ముంగిసను పూర్తిగా నిర్దోషి అనలేము. గుడ్డు దొరికితే విడిచిపెట్టదు. ముందుకాళ్లతో పట్టుకొని, వెనుక కాళ్ల సందు నుంచి రాయి మీదికి విసిరి పగలగొట్టే విద్య దానికి తెలుసు. పగటిపూట మేతకు వదిలిన పిల్లలనూ ఎత్తుకుపోతుంది. అయితే మీ పాదుల్లో అది తవ్వుతున్నది పేడపురుగులు, వాటి పిల్లపురుగులు, తేళ్లు, బల్లుల కోసమే అయి ఉంటుంది.

ఊహించి నింద వేయడం కంటే గూడు ముందు జల్లించిన బూడిద పలుచగా పరిచి తెల్లవారి చూడండి. ముంగిస అడుగులో ఐదు వేళ్లూ గోళ్ల గుర్తులూ పడతాయి, ఎందుకంటే అది గోళ్లను లోపలికి ముడుచుకోలేదు. పిల్లి జాతి అడుగులో నాలుగు వేళ్లే ఉంటాయి, గోరు గుర్తు పడదు.

ఇంకొక సమాధానం

పాముల మాట సగమే నిజం. ముంగిస పాము కాటు తగిలాక ఏదో వేరు నమిలి వస్తుందనేది కథ మాత్రమే. కండరాలకు నాడి పంపే సంకేతాన్ని అందుకునే గ్రాహకం నిర్మాణం దాని శరీరంలో కొంత వేరుగా ఉండటం వల్ల నాగుపాము విషంలోని నాడీ విషం అక్కడ గట్టిగా అతుక్కోలేదు. రక్తపింజరి విషం ప్రధానంగా రక్తం మీద, రక్తనాళాల మీద పనిచేస్తుంది కనుక ఈ రక్షణ దానికి వర్తించదు. ముంగిసను ఎక్కువగా కాపాడేది దాని చురుకుదనం, నిక్కబొడిచిన వెంట్రుకలే. పాము ఒంటిని అందుకోబోయి వెంట్రుకల మీద కాటు వేస్తుంది. ఏమైనా పాము దాని ఆహారంలో చిన్న భాగమే, కనుక అది తిరుగుతోంది గదా అని రాత్రి టార్చి లేకుండా తోటలోకి వెళ్లకండి.

దాన్ని పట్టించే ఆలోచన ఎవరైనా చెప్పినా వినవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముంగిసను పట్టడం, చంపడం నేరం. చిత్రకారుల కుంచెల కోసం దాని వెంట్రుకలను అమ్మేవాళ్లు మన దేశంలో ఇంకా ఉన్నారు. వాళ్లే పల్లెల్లో వలలు పట్టుకొని తిరుగుతారు.

అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. రెండు రాత్రులు బూడిద పరిచాను. మొదటి రోజు ఏమీ పడలేదు. ఈ ఉదయం నాలుగు వేళ్ల అడుగులు, గోరు గుర్తులు లేకుండా, గూటి తలుపు దాకా వచ్చి తిరిగి వెళ్లి ఉన్నాయి. తలుపు కింద చెక్కకూ నేలకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉందని అప్పుడు చూశాను. ఈ పూటే అక్కడ ఇనుప జాలీ కొట్టిస్తున్నాను. ఎర్ర ముంగిస మాత్రం వేళ తప్పకుండా ఎనిమిదిన్నరకు వచ్చి మూడో వరుస పాదులు తవ్వుకొని వెళ్లింది.