కుతూహలం గల చదువరికి ఏ పుస్తకాలు ఇద్దాం? సీమ చదువరుల చర్చ

పుస్తకమిత్ర, అనంతపురం

మా పేటలోని చిన్న గ్రంథాలయానికి ఆదివారాలు కొందరు కొత్త చదువరులు వస్తున్నారు. వారిలో డిగ్రీ ముగించి పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నవారు, బట్టల దుకాణాల్లో పనిచేసే పిల్లలు, పిల్లలను బడికి పంపాక తీరిక దొరికిన గృహిణులు ఉన్నారు. పరీక్షకు పనికి రాకపోయినా సరే, చదివిస్తూ పోయే పుస్తకం ఏదైనా ఇమ్మని వారు అడుగుతున్నారు. వారికి ఒకే రకం పుస్తకాలు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నవల పక్కన శాస్త్రం, యాత్ర పక్కన సేద్యం, చరిత్ర పక్కన కవిత్వం ఉండే కలగలుపు వరుస ఒకటి సిద్ధం చేయాలని ఉంది. దయచేసి పేర్లు మాత్రమే రాసి ఊరుకోవద్దు. ఆ పుస్తకం ఎవరికి ఇచ్చారో, వారు ఎక్కడ ఆగిపోయారో, ఏ పుట నుంచి వదలకుండా చదివారో చెబితే మా బోటివారికి ఉపయోగం.

నా వంతుగా తిరుమల రామచంద్ర గారి పేరుతో మొదలుపెడతాను. ఆయన మన ధర్మవరం ప్రాంతంలో పుట్టినవారు. ‘హంపీ నుంచి హరప్పా దాక’ ఆయన ఆత్మకథ. దానిని చదివినవారికి ఆయనే రాసిన ‘మన లిపి పుట్టు పూర్వోత్తరాలు’ ఇస్తున్నాను. రెండవది చదివిన ఇద్దరు అమ్మాయిలు గుత్తి–పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడి అశోక శాసనాలను చూసి వచ్చారు. అక్కడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ సాగుతాయి. అది తెలిసి వెళ్లినందువల్ల ఆ బండ ముందు గంటసేపు నిలబడగలిగామని వారు చెప్పారు.

బురుజు నీడ, కర్నూలు

పుస్తకమిత్ర గారికి నమస్కారం. నా అనుభవంలో అన్ని రకాల చదువరులనూ పట్టి నిలిపిన పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషిగా ఉండి, 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో చూసినదంతా కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి ఉత్తరాలుగా రాశారు. అవే 1838లో పుస్తకమయ్యాయి. కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగిన యాత్ర కాబట్టి మొదటి పుటల్లోనే మనకు తెలిసిన ఊళ్లు ఎదురవుతాయి.

దీన్ని నేను సరుకు లారీ నడిపే ఒక అబ్బాయికి ఇచ్చాను. దాదాపు 200 ఏళ్ల కిందటి తెలుగు అతనికి కష్టమవుతుందేమోనని కొందరు మిత్రులు అన్నారు కానీ అలా జరగలేదు. దారి రాతిదా ఇసుకదా, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ ఊళ్లో దినుసులు కొనుక్కోవచ్చు, రాత్రి ఎక్కడ దిగవచ్చు అనే విషయాలను వీరాస్వామయ్య గారు ఎంత శ్రద్ధగా రాశారో, దారి మీద బతికేవాడు కాబట్టి ఆ అబ్బాయి అంతే శ్రద్ధగా చదివాడు. పండితులు సాధారణంగా దాటిపోయే ఆ వివరాలను అతను వరుసగా నాకు అప్పజెప్పాడు. ధర్మశాస్త్ర చర్చలు పుటల కొద్దీ సాగే చోట మాత్రం ఆగిపోయాడు. వాటిని ఇప్పటికి వదిలేసి ముందుకు వెళ్లమని చెప్పాను. పుస్తకం పూర్తయ్యాక తనంతట తానే వెనక్కు వెళ్లి వాటిలో కొన్ని చదువుకున్నాడు. పాత పుస్తకం ఇచ్చేటప్పుడు, కష్టమైన భాగాన్ని దాటవచ్చుననే అనుమతి కూడా దానితో పాటు ఇవ్వాలని నా అభిప్రాయం.

పాఠశాల దాటాక, కడప

నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. తెలుగులో పుస్తకాల సిఫారసు అనగానే కథలు, నవలలు, కవిత్వమే ముందుకు వస్తాయి. శాస్త్రం చివరన ఒక పేరుగా మిగులుతుంది. ఈ చర్చలో అలా జరగకూడదని కోరుకుంటున్నాను.

మహీధర నళినీమోహన్ గారి ‘కేలండర్ కథ’ నా మొదటి సూచన. రోజూ గోడ మీద చూసే వస్తువు వెనుక ఇంత గణితం, ఇంత రాజకీయం, ఇంత మతం ఉన్నాయని తెలిసినప్పుడు చదువరి ముఖంలో కలిగే ఆశ్చర్యాన్ని నేను ఎన్నోసార్లు చూశాను. 1582లో కొన్ని దేశాలలో అక్టోబరు 4 తరువాతి రోజును 15గా లెక్కించారన్న సంగతి చెబితే ఎవరైనా సరే మిగతాది అడగకుండా ఉండరు. నేను అక్కడి నుంచి మాటను మన పంచాంగం వైపు మళ్లిస్తాను. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు. సౌర సంవత్సరం దానికంటే దాదాపు 11 రోజులు పెద్దది. ఆ తేడా పేరుకొని మూడేళ్లలోపే ఒక నెలంత అవుతుంది, అందుకే అధిక మాసం వస్తుంది. అధిక మాసంలో పెళ్లి ముహూర్తాలు ఎందుకు పెట్టరని పెద్దలను అడిగి మందలింపు పొందిన ఒక విద్యార్థినికి ఈ లెక్క అర్థమయ్యాక, ఆమె ఆ సంవత్సరమంతా పంచాంగం వెంటపెట్టుకొని తిరిగింది.

రెండవది కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారి ‘మానవపరిణామం’. ఆయన అణుశాస్త్రవేత్త, సంగీతజ్ఞుడు కూడా. దీన్ని ఇచ్చేటప్పుడు మన జ్వాలాపురం సంగతి తప్పక చెబుతాను. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆ ఊరి దగ్గర, సుమత్రా ద్వీపంలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట వెదజల్లిన బూడిద పొర బయటపడింది. దానికి పైనా కిందా కూడా రాతి పనిముట్లు దొరికాయి. రవి కోరిశెట్టర్ వంటి పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ పనిచేశారు. దూర దేశాల గుహల గురించి చదువుతున్న విద్యార్థికి, బస్సులో వెళ్లి చూడగల చోట కూడా ఆ కథలో ఒక అధ్యాయం ఉందని తెలిస్తే పుస్తకం పట్టుకునే తీరే మారిపోతుంది.

మెట్టసేద్యం, కళ్యాణదుర్గం

అయ్యా, నేను రైతును. ఎక్కువ పుస్తకాలు చదివినవాడిని కాను, అయినా రెండు పుస్తకాల గురించి గట్టిగా చెప్పగలను.

మొదటిది ‘గడ్డిపరకతో విప్లవం’. జపాను రైతు మసనోబు ఫుకుఒకా రాసిన పుస్తకానికి తెలుగు అనువాదం. దున్నకుండా, రసాయన ఎరువులు వేయకుండా వరి, బార్లీ పండించిన తన పద్ధతిని ఆయన అందులో వివరించారు. మా ఊళ్లో నలుగురం చదివి వాదులాడుకున్నాం. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది, అది కూడా వేరుశనగ ఊడలు దిగే సమయానికి పడుతుందన్న నమ్మకం ఉండదు. ఫుకుఒకా గారి పొలం ఉన్న షికోకు ద్వీపంలో వాన మనకంటే ఎంతో ఎక్కువ. కాబట్టి ఆయన చెప్పింది చెప్పినట్టు ఇక్కడ చేయడం కుదరదు. అయితే ఏ పని చేయాలా అని కాక, ఏ పని మానుకోవచ్చునా అని పొలంలో నిలబడి ఆలోచించే తీరు మాకు అందులో దొరికింది. గడ్డిని తగులబెట్టకుండా నేల మీద పరిచే అలవాటు మాలో ఇద్దరికి ఆ పుస్తకం వల్లనే వచ్చింది. పుస్తకాన్ని నమ్మడానికి మాత్రమే కాక, దానితో తగవు పడడానికి కూడా చదవవచ్చని కొత్త చదువరులకు ఎవరైనా చెప్పాలి.

రెండవది విద్వాన్ విశ్వం గారి ‘పెన్నేటి పాట’. తరిమెలలో పుట్టిన ఆయన పెన్న ఒడ్డు కరువును కావ్యంగా రాశారు. రంగన్న, గంగమ్మల బతుకు చదివేటప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. దీన్ని ఒంటరిగా చదవడం కంటే ఒకరు పైకి చదువుతుంటే పదిమంది వినడం మంచిది.

ఉపకేంద్రం, ప్రొద్దుటూరు

అందరి సూచనలూ ఆసక్తిగా చదివాను. ఒక విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. అందరూ మన ఊరి నుంచి, మన కొండ నుంచి, మన ఏటి నుంచి మొదలుపెడుతున్నారు. నేను వైద్యశాఖలో నర్సుగా పనిచేస్తూ నాతో పాటు పనిచేసే ఆడవారికి పుస్తకాలు ఇస్తుంటాను. కరువు, అప్పు, కక్షలు వారికి కొత్తవి కావు. పగలంతా చూసినదాన్నే రాత్రి పుస్తకంలో కూడా చూడమంటే కొందరికి ఊపిరాడదు. వారు మొదట దూరం వెళ్లాలని కోరుకుంటారు, ఆ కోరిక తక్కువదేమీ కాదు.

అందుకే నేను మొదట ‘రైలుబడి’ ఇస్తాను. తెత్సుకో కురొయనాగి అనే జపాను రచయిత్రి తన చిన్నప్పటి బడి గురించి రాసిన పుస్తకమిది. పాత రైలు పెట్టెలే అక్కడ తరగతి గదులు. అల్లరి పిల్ల అని ఒక బడి పంపించేసిన చిన్నారి చెప్పేదంతా ప్రధానోపాధ్యాయుడు కొబయాషి గారు గంటల తరబడి ఓపికగా విన్నారు. ఆ ఘట్టం చదివిన ఒక తోటి ఉద్యోగిని, తన కొడుకు మాటలు చివరిదాకా విని ఎన్నాళ్లయిందో అని నాతో అన్నది. ఆ తరువాత ‘ఏడు తరాలు’ ఇస్తాను. అలెక్స్ హేలీ రచనను సహవాసి గారు సంక్షిప్తంగా తెలుగు చేశారు. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన కుంటా కింటే పేరు ఆ వంశం నోటి నుంచి నోటికి ఎలా నిలిచిందో చదివాక, మా ఉపకేంద్రంలో నలుగురు తమ తాతముత్తాతల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. ఆడవారి పేర్లు రెండు తరాలకే ఆగిపోతున్నాయని గమనించి, బతికి ఉన్న ముసలమ్మలను అడిగి తెలుసుకున్నారు.

ఇక ‘వైద్యుడు లేని చోట’ ప్రతి పల్లెలోనూ ఉండవలసిన పుస్తకం. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండ పల్లెల్లో పనిచేసి రాసిన పుస్తకానికి ఇది తెలుగు. రోగి శరీరాన్ని ఎలా గమనించాలో, ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలో బొమ్మలతో చెబుతుంది. అయితే పాత ముద్రణల్లోని మందుల మోతాదులను అనుసరించకూడదు. వాటి విషయంలో ఇప్పటి వైద్యుల మాటే ప్రమాణం.

పుస్తకమిత్ర, అనంతపురం

ఉపకేంద్రం గారూ, మీరు చెప్పినది నన్ను ఆలోచింపజేసింది. వరుస అందరికీ ఒకటే కానక్కరలేదు. దగ్గరి నుంచి మొదలుపెట్టే దారి ఒకటి, దూరం నుంచి మొదలుపెట్టే దారి ఒకటి ఉంచి, వచ్చినవారితో కాసేపు మాట్లాడాక ఏది ఇవ్వాలో నిర్ణయించుకుంటాను. ఇంతవరకు నవలలు పెద్దగా ప్రస్తావనకు రాలేదు. తెలిసినవారు చెప్పగలరా?

పాలకొండల కింద, కడప

నవలల గురించి నేను చెబుతాను. బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ 18వ శతాబ్దపు అనంతపురాన్ని, హండే పాలకుల కాలాన్ని కళ్లముందు నిలబెడుతుంది. దీనికి 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చదివి చరిత్రంటే ముఖం చాటేసినవారికి ఈ నవల ఇవ్వండి, ఎందుకంటే ఇందులో చరిత్రను మోసేది సామాన్యులు.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ మీ దగ్గరికి వచ్చే పట్టభద్రుల కోసమే రాసినట్టుంటుంది. ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకని కుర్రాడు, కరువు రోజుల్లో గొర్రెలు తోలుకొని పెద్దవారితో నల్లమల ఎక్కుతాడు. మా దగ్గర దీన్ని చదివిన యువకులు అడవి గురించి వరుసగా ప్రశ్నలు వేశారు. అప్పుడు నేను వారికి కలివి కోడి సంగతి చెప్పాను. 19వ శతాబ్దంలో జెర్డాన్ అనే ఆయన శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనుకున్నారు. 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ కనిపించింది. నవల నుంచి పక్షిశాస్త్రానికి ఇంత దగ్గరి దారి ఉంటుందని నాకు కూడా అంతకుముందు తోచలేదు.

కథలు కావాలంటే సింగమనేని నారాయణ గారు కూర్చిన ‘సీమ కథలు’, ఆ తరువాత కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు ఇవ్వండి. కేతు వారు కథకులే కాక, కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధించినవారు కూడా. కథలు నచ్చినవారికి ఆ పరిశోధన గ్రంథాన్ని చూపిస్తే ముందుగా తమ ఊరి పేరు వెతుక్కుంటారు. అనువాదాలు ఎక్కువగా చదివేవారికి మాత్రం రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) గారి ‘అనువాద సమస్యలు’ ఏదో ఒక రోజు తప్పక అందాలి. మాస్కోలో అనువాదకుడిగా పనిచేసిన అనుభవం ఆ పుస్తకానికి వెనుక ఉంది.

కొత్త చదువరి, అనంతపురం

నేను పుస్తకమిత్ర గారి గ్రంథాలయానికి వచ్చేవారిలో ఒకదాన్ని. అక్కా, మీరు నాకు పుట్టపర్తి నారాయణాచార్యుల వారి ‘పెనుగొండ లక్ష్మి’ ఇచ్చిన సంగతి ఇక్కడ రాయలేదు. చిన్న వయసులో తాను రాసిన కావ్యాన్నే తరువాత విద్వాన్ పరీక్షకు పాఠ్యపుస్తకంగా చదవవలసి వచ్చిందని మీరు చెప్పడం వల్లనే నేను దాన్ని తెరిచాను. పద్యాలు సగం అర్థం కాలేదు, అయినా పెనుకొండ కోట ఎక్కినప్పుడు అర్థమైన సగం గుర్తుకు వచ్చింది. పుస్తకం ఇచ్చేటప్పుడు దాని వెనుక కథ ఒకటి చెప్పండి. మాలాంటివారికి ధైర్యం అక్కడ దొరుకుతుంది.

బురుజు నీడ, కర్నూలు

చివరగా ఈ పుస్తకాలు దొరికే చోట్ల గురించి రాస్తాను. ‘కాశీయాత్ర చరిత్ర’ వంటి పాత గ్రంథాలు అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవచ్చు. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం ఉంది. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలైన కైఫీయత్తుల సంపుటాలను అడిగి చూడండి. పుస్తకమిత్ర గారూ, వచ్చే నెల నేను అనంతపురం వస్తున్నాను. నా దగ్గర ‘కేలండర్ కథ’ రెండు ప్రతులు ఉన్నాయి, ఒకటి మీ గ్రంథాలయానికి తెస్తాను. మీ దగ్గర ‘మన లిపి’ అదనంగా ఉంటే మా లారీ అబ్బాయి కోసం తీసి ఉంచండి.