పీడకలల్లాంటి యానిమేషన్ లఘుచిత్రాల్లో భయం పుట్టేది బొమ్మ నుంచా, చప్పుడు నుంచా?

నిశిరాగం:

ప్రయోగాత్మక యానిమేషన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన మాటలన్నీ బొమ్మల చుట్టూనే తిరుగుతాయి. కళ్లు లేని ముఖాల గురించి, తల బోలుగా ఉన్న పింగాణీ బొమ్మల గురించి, కరిగి ముద్దగా మారిపోయే శరీరాల గురించి ఎంతైనా చెప్పుకుంటాం. ఈ చిత్రాలు మనల్ని వణికించేది ప్రధానంగా ధ్వనితోనే అని, బొమ్మకు దక్కుతున్న ప్రశంసలో పెద్ద వాటా ధ్వనికి చెందవలసినదని నా అభిప్రాయం.

ఈ చిత్రాలు తయారయ్యే పద్ధతిలోనే దానికి కారణం ఉంది. నటులతో తీసే సినిమాలో అడుగు పడినచోటే అడుగు చప్పుడు కూడా పుడుతుంది. దాన్ని తర్వాత తీసేసి వేరేది పెట్టినా, అసలంటూ ఒకటి ఉంటుంది. స్టాప్ మోషన్ అనే యానిమేషన్ పద్ధతిలో బొమ్మను వెంట్రుకవాసి జరిపి, చెయ్యి పక్కకు తీసి, ఫొటో తీసి, మళ్లీ జరుపుతారు. సెకనుకు 24 ఫ్రేములు కావాలి కాబట్టి, ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 భంగిమలు అవసరమవుతాయి. తెర మీద మనకు కనిపించే కదలిక ఆ గదిలో ఎప్పుడూ జరగలేదు, కాబట్టి దానికంటూ చప్పుడు కూడా లేదు. మనకు వినిపించే ప్రతి గీరుడూ, ప్రతి కిర్రూ ఎవరో ఒకరు కోరి తెచ్చి పెట్టినదే.

పోలండ్ రచయిత బ్రూనో షుల్జ్ రచన ఆధారంగా యానిమేషన్ దర్శకులు క్వే సోదరులు 1986లో తీసిన 'స్ట్రీట్ ఆఫ్ క్రోకడైల్స్'లో, దుమ్ము పేరుకున్న చెక్కలోంచి మరలు (స్క్రూలు) వాటంతట అవే తిరుగుతూ పైకి వచ్చి దొర్లుకుంటూ వెళ్లిపోతాయి. మర ఊడి రావడంలో నిజానికి భయపడవలసినదేమీ లేదు. లెఖ్ యాంకోవ్‌స్కీ సంగీతం తోడైనప్పుడే, వాటిని కంటికి కనబడనిదేదో తిప్పుతోందని మనం నమ్ముతాం. పైగా సంగీతాన్ని ముందుగా రాయించుకుని, దాని లయను అనుసరించి బొమ్మను కదిలించడం ఆ సోదరుల పద్ధతి. అంటే బొమ్మే ధ్వని వెంట నడిచిందన్నమాట.

నలుపుతెలుపు:

నిశిరాగం గారూ, చప్పుడు కోరి తెచ్చి పెట్టినదన్న మీ మాటను అంగీకరిస్తాను. అయితే దాని నుంచి మీరు తీసిన ముగింపును అంగీకరించలేను. యానిమేషన్‌లో బొమ్మ కూడా అంతే కదా. ఒక్కో ఫ్రేమును చేత్తో సిద్ధం చేసే చోట, నీడ సైతం అనుకోకుండా పడదు.

మీ వాదనకు గట్టి పరీక్ష 1933 నాటి 'నైట్ ఆన్ బాల్డ్ మౌంటెన్' అని నాకు అనిపిస్తుంది. అలెక్సాండర్ అలెక్సియెఫ్, క్లేర్ పార్కర్ దాన్ని సూదుల తెర మీద తీశారు. నిలువుగా నిలబెట్టిన పలకకు లెక్కలేనన్ని సన్నని సూదులు గుచ్చి, పక్క నుంచి వెలుతురు వేస్తే, బయటికి పొడుచుకు వచ్చిన సూది నీడ పొడవుగా పడి ఆ చోటు నల్లబడుతుంది. సూదిని లోపలికి నొక్కితే నీడ తగ్గి తెల్లబడుతుంది. ఈ పద్ధతిలో గీత అంటూ ఉండదు, బూడిదరంగులో హెచ్చుతగ్గులే ఉంటాయి. అందుకే అందులో ఒక ఆకారం మరో ఆకారంగా మారుతున్నప్పుడు, మొదటిది ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం.

ఆ చిత్రానికి వాడిన సంగీతం రష్యన్ స్వరకర్త ముస్సోర్గ్‌స్కీది, సినిమా అనేదే లేని 19వ శతాబ్దంలో పుట్టినది. దాన్ని కచేరీల్లో వినేవారు ఉత్సాహపడతారు, లయకు తల ఊపుతారు, చివర చప్పట్లు కొడతారు. అది విని పీడకల కన్నామని ఎవరూ అనరు. అదే సంగీతం సూదుల తెర మీది నీడలతో కలిసినప్పుడు పీడకల అయిందంటే, కొత్తగా వచ్చి చేరినది ఏది? బొమ్మే కదా.

కలలో మనిషి పక్షి అయిపోతాడు, గది మైదానమైపోతుంది, ఆ మార్పు ఏ క్షణాన జరిగిందో కల కంటున్నవారికి తెలియదు. తెలియకుండా మారిపోవడం అనే ఈ గుణాన్ని చూపించగలిగేది బొమ్మ మాత్రమే. చప్పుడు మహా అయితే ఏదో రాబోతోందని హెచ్చరిస్తుంది. హెచ్చరిక మామూలు భయానక చిత్రాలకు కావలసిన సరుకు. మనం మాట్లాడుకుంటున్న చిత్రాల బలం హెచ్చరిక లేకపోవడంలో ఉంది.

మట్టివేళ్లు:

మీరిద్దరూ కన్నూ చెవీ పంచుకుని చర్చిస్తున్నారు. చర్మం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ చిత్రాల్లో మనల్ని కలవరపెట్టేది స్పర్శ అని, బొమ్మా చప్పుడూ ఆ స్పర్శను మనదాకా మోసుకొచ్చే దారులు మాత్రమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇది నేను కల్పించిన సిద్ధాంతం కాదు. చెక్ యానిమేషన్ దర్శకుడు యాన్ ష్వాంక్‌మాయెర్‌ను చెకొస్లొవేకియా అధికారులు 1970లలో కొన్నేళ్ల పాటు సినిమాలు తీయనివ్వలేదు. ఆ కాలంలో ఆయన చేత్తో తడిమి మాత్రమే తెలుసుకోవలసిన కళావస్తువుల మీద పనిచేశాడు. మళ్లీ సినిమాకు వచ్చాక, 1982లో తీసిన 'డైమెన్షన్స్ ఆఫ్ డైలాగ్'లో ఆ సాధన అంతా కనిపిస్తుంది. కూరగాయలూ తినుబండారాలతో కూర్చిన తలను లోహపు సామగ్రితో కూర్చిన తల మింగి, లోపల నలిపి, కక్కుతుంది. కెమెరా అతి దగ్గరికి వెళ్లి కాయ చితికి రసం కారడాన్ని చూపిస్తుంది. అప్పుడు మన పళ్లు జివ్వుమంటాయి, అరచేతులు ముడుచుకుంటాయి. ఆ అనుభవాన్ని 'చూశాం' అనో 'విన్నాం' అనో చెబితే సగమే చెప్పినట్టవుతుంది.

2004లో డేవిడ్ ఫర్త్ ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌తో చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన 'సాలడ్ ఫింగర్స్'లో సూదుల తెర నైపుణ్యం లేదు, మట్టి కూడా లేదు. అది చాలా సాదా గీతల బొమ్మ. అయినా పొడవాటి పచ్చని వేళ్లతో తుప్పు పట్టిన చెంచాను నిమురుతూ పరవశించే ఆ జీవి ఇన్నేళ్లయినా జనానికి గుర్తుండిపోయింది. అక్కడ గుర్తున్నది ఆ తుప్పు.

నిశిరాగం:

మట్టివేళ్లు గారూ, మీ ఉదాహరణలు రెండూ నా వాదననే బలపరుస్తున్నాయి. ఆ జీవి గుసగుసగా, సాగదీస్తూ మాట్లాడే గొంతును తీసేసి చూడండి. సాదా గీతల బొమ్మలోని తుప్పు మీ వేలికి తగలదు.

నలుపుతెలుపు గారి ముస్సోర్గ్‌స్కీ ఉదాహరణ మాత్రం బలమైనదే, దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుంది. అది విడిగా బతకగల సంగీతం కాబట్టి విడిగా విన్నప్పుడు వేరే పని చేస్తుంది. నేను మాట్లాడుతున్నది చిత్రం కోసమే పుట్టిన ధ్వని గురించి. వలేరియన్ బొరోవ్‌చిక్ 1964లో తీసిన 'లె జ్యూ దెజాంజ్'లో కదలిక చాలా తక్కువ, చాలావరకు రంగువేసిన గోడలూ గదులే. వాటి వెనుక బెర్నార్ పార్మెజియానీ ఎలక్ట్రానిక్ ధ్వనులు లేకపోతే అవి గోడలుగానే మిగిలిపోతాయి. డేవిడ్ లించ్ 1968లో తీసిన 'ది ఆల్ఫబెట్'లో అక్షరాలు వల్లించే గొంతులూ, పసిపిల్ల ఏడుపూ లేకపోతే అక్షరమాలలో భయం ఎక్కడుంది?

నలుపుతెలుపు:

ఏదో ఒకటి తీసేసి చూడడం న్యాయమైన పరీక్షలా కనిపిస్తుంది గానీ, అది ఒకవైపే పనిచేస్తోంది. చప్పుడు తీసేస్తే బొమ్మ బలహీనపడుతుందని మీరు అంటున్నారు. బొమ్మ తీసేసి పార్మెజియానీని మాత్రమే వింటే మిగిలేది మంచి ఎలక్ట్రానిక్ సంగీతమే, బొరోవ్‌చిక్ చిత్రం కాదు. స్పర్శ గురించి నా అభ్యంతరం ఇంకా సూటిది. తెరను ఎవరూ తాకలేరు. కాయ చితికినట్టు మనకు తెలిసింది దాన్ని చూడడం వల్లనే.

మట్టివేళ్లు:

చూడడం వల్ల తెలిసిందన్నది నిజమే. అయితే ఆ చూపు ఎవరిదో చూడండి. ఎప్పుడైనా మెత్తని కాయను చిదిమిన వేళ్లున్నవారే ఆ దృశ్యానికి ముడుచుకుంటారు. కన్ను ఒక్కటే ఉన్న ప్రాణికి అది రంగు మార్పు మాత్రమే.

'డైమెన్షన్స్ ఆఫ్ డైలాగ్' మూడో భాగాన్ని ఈ దృష్టితో మరోసారి చూడమని మీ ఇద్దరినీ కోరుతున్నాను. బల్ల మీద ఎదురెదురుగా రెండు మట్టి తలలు నోట్లోంచి వస్తువులు చాపుతాయి. ఒకటి టూత్‌బ్రష్ చాపితే రెండోది పేస్టు పిండుతుంది, ఒకటి రొట్టె ఇస్తే రెండోది వెన్న పూస్తుంది, బూటుకు లేసు, పెన్సిలుకు చెక్కుడు మర. తర్వాత జతలు తప్పి, పొసగని వస్తువులు ఒకదాని మీద ఒకటి పడుతూ ఉంటాయి. చివరికి రెండు తలలూ బీటలు వారి రొప్పుతాయి. ఇక్కడ నలుపుతెలుపు గారు చెప్పిన ఆకారం తెలియకుండా మారిపోవడం లేదు, ప్రతి వస్తువూ పట్టపగలంత స్పష్టంగా ఉంది. నిశిరాగం గారు చెప్పిన కనబడని శక్తి కూడా లేదు. కలవనివి తగులుకోవడం ఒక్కటే ఉంది, అయినా ఆ చిత్రంలో నాకు అన్నిటికన్నా భరించరానిది ఆ భాగమే.