అప్‌డేట్: నాయన ఆసుపత్రిలో ఉండగానే పాలసీ మారింది, క్లెయిమ్ ఏమైందంటే

మొన్న అడిగాను కదా: నాయనను మార్చి 29న కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం, ఏప్రిల్ 1న మా ఆఫీసు ఇన్సూరెన్స్ కంపెనీని మార్చేసింది, బిల్లు ఎవరు కడతారని. నిన్న సాయంత్రం నాయన ఇంటికొచ్చాడు. జొన్న రొట్టె అడిగాడు, అమ్మ ఏడ్చేసింది.

క్లెయిమ్ పాత పాలసీ కిందే అయింది. ఇన్సూరెన్స్ కౌంటర్‌లో అబ్బాయి మాత్రం పాత కార్డు ఇక చెల్లదని, 50 వేలు డిపాజిట్ కట్టమని రెండు రోజులు తిప్పాడు. నాకు చేతులు ఆడలేదు. మీలో ఒకరు చెప్పినట్టు అడ్మిషన్ స్లిప్ తీసి చూశాను. నీలం పెన్నుతో 29 అని రాసి, పక్కన సీలు. దాన్ని ఫొటో తీసి హెచ్‌ఆర్‌కూ, పాత టీపీఏకూ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) ఒకే మెయిల్ పెట్టాను. చేరిన తేదీన ఏ పాలసీ నడుస్తోందో ఈ అడ్మిషన్ మొత్తం దాని కిందకే వస్తుందని టీపీఏ రాసిచ్చింది. ఆ కాగితం చూపించాక డిపాజిట్ మాట మళ్ళీ రాలేదు.

డిశ్చార్జి రోజు ఇంకో టెన్షన్. ఫైనల్ బిల్లు అందాక 3 గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి ఇవ్వాలని బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లోనే చెప్పింది. అది గుర్తు చేశాకే ఫైలు కదిలింది. గ్లౌజులు, రిజిస్ట్రేషన్ లాంటివి మేమే కట్టాం.

ఇంటికొచ్చాక మందుల బిల్లులు కూడా పాత కంపెనీకే పంపాలట. అన్నీ ఒక కవర్లో దాస్తున్నాను.