రేడియోలో ఒక సెల్లే ముందు దిగిపోతా ఉంది, ఏం చేయాలి?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి):
మా తాత రేడియోకు రెండు డబల్ ఏ రీఛార్జబుల్ సెల్లులు వేస్తాం. పొద్దున్నే తిరుపతి ఆకాశవాణి పెట్టందే ఆయన కాఫీ ముట్టడు. ఛార్జింగ్ ఎంత పెట్టినా ఒక సెల్లు తొందరగా దిగిపోతా ఉండాది. అదొక్కటే కొత్తది వేస్తే చాలునా అన్నా?

జవాబు (చిత్తూరు):
చాలదు తమ్ముడూ. రెండూ వరసలో ఉంటాయి, ఒకే కరెంటు రెండింట్లోనూ పారుతుంది. నీరసమైనది ముందు ఖాళీ అయినా, బలమైనది దాంట్లోంచి కరెంటు తోస్తానే ఉంటుంది. నీరసమైనదాని వోల్టేజి సున్నా కిందికి పోయి ప్లస్ మైనస్ తిరగబడతాయి, ఆ సెల్లు చెడుతుంది. కొత్తదాని పక్కన పాతది పెడితే ఇదే గతి. ఒకే కంపెనీ, ఒకే ఎంఏహెచ్ (సెల్లు ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే అంకె), ఒకేసారి కొన్న జత తీసుకో. మార్కర్‌తో రెండింటి మీదా ఒకే గుర్తు, కొన్న నెల రాయి. ఛార్జర్‌లోకీ కలిసే పోవాలి. పెద్దాయన రేడియో ఆగకూడదు కాబట్టి ఇంకో జత నింపి పెట్టుకో.

జవాబు (చంద్రగిరి):
ఛార్జర్ కూడా చూడన్నా. జతకంతా ఒకటే లైటుంటే రెండింటికీ కలిపి ఎక్కిస్తుంది, తేడా పోదు. ఒక్కో సెల్లుకు వేరే లైటున్నది మేలు.

ప్రశ్న అడిగినవారు:
మరి ఆ నీరసం సెల్లు?

జవాబు (చిత్తూరు):
నిండా ఎక్కించి ఒక రోజు పక్కన పెట్టి మీటర్‌తో చూడు. 1.2 వోల్టుల కింద ఉంటే ఈ-వేస్ట్‌కు ఇచ్చేయి. పైన ఉంటే గోడ గడియారంలో వెయ్యి, దానికి ఒక్కటే చాలు.